గ్రూపులో గొడవ నడుస్తున్నా మీ ఆలోచన మీ చేతిలో ఉండాలంటే

"గ్రూపుల్లో అన్నీ తిట్లే, వార్తల్లో సగం అబద్ధాలే. బయటికొచ్చేస్తే ఊళ్లో ఏం జరుగుతుందో తెలియదు, ఉంటే బుర్ర పాడవుతోంది. ఏం చేయాలి?" విజయవాడ, గుంటూరు వైపు నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో డిగ్రీ పిల్లలున్నారు, రిటైరైన టీచర్లున్నారు, మిర్చి రైతులూ ఉన్నారు. బయటికి రావాల్సిన పని లేదు. చదివే పద్ధతి మార్చుకుంటే చాలు. ఆ పద్ధతి కింద ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. వచ్చిందల్లా నమ్మేవాణ్ణి అమాయకుడంటాం. "అందరూ దొంగలేనండీ, ఎవరు చెప్పినా ఒకటే" అనేవాణ్ణి లోకం తెలిసినవాడంటాం. నిజానికి ఇద్దరూ ఒకే పని ఎగ్గొడుతున్నారు, అది సరిచూసుకోవడం. మొదటివాడికి అక్కర్లేదనిపిస్తుంది, రెండోవాడికి దండగనిపిస్తుంది. రెండోవాడి జబ్బే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది తెలివిలా కనిపిస్తుంది. ఈ పద్ధతి ఇద్దరికీ పనికొస్తుంది.

కావలసినవి

- 100 పేజీల రూళ్ల నోట్‌బుక్కు, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటామని చాలామంది అంటారు. రాద్దామని ఫోన్ తెరిస్తే పైన నోటిఫికేషన్ కనిపిస్తుంది, రాయడం అక్కడితో ఆగిపోతుంది. కాగితమే వాడండి.
- రోజుకు 20 నిమిషాలు. రాత్రి పడుకోబోయే ముందు వద్దు, ఆ వేళ కోపం త్వరగా వస్తుంది.
- గూగుల్ లెన్స్ ఉన్న ఫోన్.
- మీతో ఏకీభవించని, మర్యాద తెలిసిన ఇద్దరు మనుషులు. జాబితాలో దొరకడం కష్టమైనది ఇదే. కాలనీలో, ఆఫీసులో, మీ చుట్టాల్లోనే వెతకండి. మొహం చూసి మాట్లాడగలిగినవాళ్లయితే మేలు.

1. ముందు ఫోన్ సర్దండి (ఒక్కసారి చేస్తే చాలు)

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ తెరిచి "మై కాంటాక్ట్స్" పెట్టండి. ముక్కూమొహం తెలియనివాళ్లు మిమ్మల్ని ఏ గ్రూపులోనో పడేయడం ఆగుతుంది. గొడవల గ్రూపుల్ని "ఆల్వేస్" అని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లోకి నెట్టండి. చాట్స్ సెట్టింగ్‌లో "కీప్ చాట్స్ ఆర్కైవ్డ్" కూడా ఆన్‌లో ఉండాలి, లేకపోతే కొత్త మెసేజి రాగానే గ్రూపు మళ్లీ పైకొస్తుంది. ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగే ఏర్పాటు ఆపేయండి. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపండి.

అపార్ట్‌మెంట్ గ్రూపు, పిల్లల స్కూలు గ్రూపు మామూలుగానే ఉంచుకోండి. మంచినీళ్లు ఎప్పుడొస్తాయో, లిఫ్టు ఎప్పుడు బాగవుతుందో తెలియాలి కదా.

తరచుగా జరిగే పొరపాటు: కోపంలో ఒకేరోజు అన్ని గ్రూపుల్లోంచీ బయటికొచ్చేసి, వారం తిరక్కుండా అడ్మిన్‌ని బతిమాలి మళ్లీ చేరడం. ఈసారి చేరాక మునుపటికన్నా ఎక్కువ చదువుతారు. నిజంగా వెళ్లిపోవాలనుకుంటే చెప్పకుండా వెళ్లిపోండి. 2022 నుంచి గ్రూపు వదిలితే ఆ కబురు అడ్మిన్లకే వెళ్తుంది. "ఇక సెలవు" అని పెద్ద ఉత్తరం రాస్తే దాని మీద ఇంకో గొడవ మొదలవుతుంది.

2. కామెంట్లు చూడకముందే మీ మాట రాయండి

మొత్తం పద్ధతిలో అసలు పని ఇదే. మిగతావి కుదరకపోయినా దీన్ని మాత్రం వదలొద్దు. కామెంట్లు చదివాక "నేనూ ముందే అలా అనుకున్నా" అనిపిస్తుంది. ముందు ఏమనుకున్నారో కాగితం మీద లేకపోతే అది నిజమో కాదో మీకే తెలియదు.

వార్త గానీ పోస్టు గానీ చదవగానే, కింది కామెంట్ల జోలికి పోకుండా నోట్‌బుక్కులో మూడు వరుసలు రాయండి:

- విషయం ఏమిటి? ఒక్క వాక్యం. విశేషణాలు వద్దు.
- నాకేమనిపిస్తోంది, ఎంత నమ్మకంగా? పదికి మార్కులు వేయండి.
- ఏం తెలిస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను?

ఉదాహరణకు "గుంటూరు యార్డులో తేజ మిర్చి రేటు పడిపోయింది, ఉన్న సరుకు వెంటనే అమ్మేయండి" అని మెసేజి వచ్చిందనుకుందాం. మొదటి వరుస: యార్డులో తేజ రకం ధర తగ్గిందంటున్నారు. రెండోది: నిజమే అనిపిస్తోంది, పదికి 6. మూడోది: ఏ రోజు ధరో, కొత్త కాయదో కోల్డ్ స్టోరేజీ సరుకుదో, మంచి కాయదో తాలు (రంగు పోయిన నాసి కాయ)దో తెలిస్తే మార్చుకుంటాను.

ఇప్పుడు కామెంట్లు చదవండి. చదివాక మార్కు మళ్లీ వేయండి. 6 కాస్తా 9 అయితే, ఎందుకు పెరిగిందో పక్కన రాయండి. కొత్త సంగతి ఏదైనా తెలిసిందా, లేక ఇరవైమంది గట్టిగా అన్నారనా? రెండోదే కారణమైతే మార్కు వెనక్కి తీసుకోండి.

పొరపాటు: మూడో వరుస ఖాళీగా వదిలేయడం. వారం రోజుల పేజీల్లో ఆ వరుస ఖాళీగానే ఉందంటే మీరు ఆలోచించడం లేదు, ఒక పక్షం వహిస్తున్నారు. ఖాళీ వదలాల్సి వస్తే ఆ విషయం మీద ఎక్కడా మాట్లాడొద్దు.

రాయడం అలవాటు లేని పెద్దవాళ్లు ఇంట్లో ఎవరికైనా నోటితో చెప్పి రాయించుకోవచ్చు.

3. మెసేజిని ముక్కలు చేయండి

గొడవ పెంచే మెసేజిలో నాలుగు సంగతులు ఒకే ముద్దగా కలిసి ఉంటాయి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, తప్పెవరిది, ఇప్పుడేం చేయాలి. మొదటిది నిజమైతే మిగతా మూడూ దాంతోపాటే మింగిస్తారు. నాలుగింటినీ విడదీసి ఒక్కోదానికి వేరే మార్కు వేయండి.

బెజవాడ వాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ వరద. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణ మీదున్న ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. అవే రోజుల్లో నగరంలోని సింగ్‌నగర్ మునిగింది. ఈ రెండూ జరిగాయి. కానీ సింగ్‌నగర్‌ను ముంచింది గండ్లు పడిన బుడమేరు వాగు, కృష్ణ పొంగి రాలేదు. బుడమేరు అసలు దారి కొల్లేటి వైపు. వెలగలేరు దగ్గర దాన్ని మళ్లించే కాలువ బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉంటే ఆ కాలువ నీళ్లు లాగవు. అలా రెండింటికీ సంబంధం ఉంది, కానీ రెండూ ఒకటి కావు.

ఇప్పుడు ఇలాంటి మెసేజి వస్తే చూడండి: "బ్యారేజీ దగ్గర వరద తగ్గుతోంది, సింగ్‌నగర్ వాళ్లకు ఇక భయం లేదు." మొదటి సగం నిజమే కావచ్చు. దాన్నుంచి రెండో సగం రాదు. బుడమేరు గండ్లు పూడ్చారా, అటు పైన వాన పడుతోందా అన్నది వేరే లెక్క. అంకె సరైనదైనా దాన్నుంచి తీసిన మాట తప్పు కావచ్చు. అబద్ధపు అంకెల కన్నా ఇలాంటివే ఎక్కువమందిని పడగొడతాయి, ఎందుకంటే అంకె సరిచూసుకున్నవాడు అక్కడితో ఆగిపోతాడు.

4. మూలం దాకా వెళ్లండి, 15 నిమిషాలు మించొద్దు

15 నిమిషాల్లో తేలకపోతే "తేలలేదు" అని రాసి వదిలేయండి. అదీ ఒక అభిప్రాయమే. ఎవరూ మిమ్మల్ని ఆ రోజే తీర్పు చెప్పమనలేదు.

ఫొటో అయితే: గూగుల్ లెన్స్‌లో పెట్టి పాత తేదీతో ఎక్కడైనా ఉందేమో చూడండి. బోర్డుల మీద భాష, షాపుల పేర్లు, బండ్ల నంబర్లు పెద్దవి చేసి చూడండి. మన రాష్ట్రంలో 2019 నుంచి కొత్త బండ్లకు జిల్లా కోడ్ తీసేసి ఏపీ 39 ఇవ్వడం మొదలుపెట్టారు. కాబట్టి "2014 నాటి ఫొటో" అన్నదాంట్లో ఏపీ 39 బండి కనిపిస్తే ఆ మాట అబద్ధం. తిరగేసి మాత్రం వాడకండి. అన్నీ ఏపీ 16, ఏపీ 07 బండ్లే ఉన్నాయని అది పాత ఫొటో అయిపోదు, పాత బండ్లు ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి.

ప్రసంగం ముక్క అయితే: పూర్తి వీడియో వెతికి, ఆ ముక్కకు ముందు 2 నిమిషాలు, తర్వాత 2 నిమిషాలు వినండి. "వాళ్లు ఇలా అంటున్నారు" అని మొదలుపెట్టి ఎదుటివాళ్ల మాట చెప్పినచోట కత్తిరించడం మామూలు. పూర్తిది దొరక్కపోతే "తేలలేదు".

మిర్చి, పత్తి ధరలైతే: కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ పేరు, తేదీ పెట్టి చూడండి. అక్కడ కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర అని మూడు ఉంటాయి. ఎక్కువ సరుకు అమ్ముడుపోయేది మోడల్ ధర దగ్గరే. కొనిపించాలనుకున్నవాడు, అమ్మించాలనుకున్నవాడు ఆ మూడింట్లో తనకు పనికొచ్చేదే పట్టుకుంటాడు. పది టిక్కీలకు (మిర్చి బస్తాలకు) పలికిన గరిష్ఠ ధరను యార్డు ధరగా చెప్పినా, తాలు రేటును మంచి కాయ రేటుగా చెప్పినా అంకె కల్పించినట్టు కాదు, మోసం మాత్రం అవుతుంది. యార్డుకు సెలవున్న రోజు తేదీతో ధర వస్తే అక్కడే తేలిపోతుంది.

వరద అయితే: ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు. ఈ రెండంకెలు నోట్‌బుక్కు అట్ట లోపల రాసి పెట్టుకోండి. అనుమానముంటే విపత్తుల నిర్వహణ సంస్థ 1070కి ఫోన్ చేయండి. హెచ్చరిక: నీళ్లు వస్తున్నాయన్న మాట విన్నప్పుడు ఈ 15 నిమిషాల లెక్క వర్తించదు. ముందు పిల్లల్ని, పెద్దవాళ్లను మేడ మీదికి చేర్చి తర్వాత సరిచూసుకోండి.

కోర్టు సంగతైతే: "కోర్టు వ్యాఖ్యానించింది" వేరు, "కోర్టు ఆదేశించింది" వేరు. విచారణలో జడ్జి నోటితో అన్నమాట తీర్పు కాదు. ఉత్తర్వు ప్రతి దొరికితే ముందు చివరి పేరా చదవండి.

ప్రభుత్వ లెక్క అయితే: సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, బిల్లుల నకళ్లు ఇవ్వండి" అన్నంత సూటిగా అడగండి. "ఎందుకు చేయలేదు" అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు.

పాత పత్రికల్లో ఫలానా ఏడాది ఫలానా వార్త వచ్చిందని ఎవరైనా అంటే: చీరాల పక్కన వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది, పాత పత్రికలు దాచిన గ్రంథాలయం. గుంటూరు నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. గొడవ నిజంగా ముఖ్యమైనదైతే ఆ ప్రయాణం చేయండి.

నిజనిర్ధారణ సంస్థల గురించి రెండు మాటలు. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ తెలుగులో కూడా రాస్తుంది. కేంద్రం సమాచార విభాగమైన పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ కేంద్ర ప్రభుత్వానికి సంబంధించినవే చూస్తుంది. ఎవరిది చదివినా పైన వేసిన "అబద్ధం" ముద్రతో ఆగిపోవద్దు, వాళ్లు చూపించిన ఆధారం చూడండి. ముద్ర ఒక్కటే నమ్మితే ఒక గ్రూపు వదిలి ఇంకో గ్రూపులో చేరినట్టే.

ఇక వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు: ఆ మెసేజి మొదట రాసినవాడి నుంచి కనీసం ఐదు చేతులు మారిందని అర్థం. అబద్ధమని కాదు. 2020 నుంచి అలాంటి దాన్ని ఒకసారికి ఒక చాట్‌కే పంపనిస్తున్నారు. దాన్ని తప్పించుకోవడానికే కొందరు స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు, కాబట్టి బాణాలు లేవని కొత్తదనుకోవద్దు.

5. పేరు మార్చి చదవండి

మన వైపు వాదన మొదలైన నాలుగో మాటకే ఇంటిపేరు చూసి కులం తేల్చేస్తారు, ఐదో మాటకు పచ్చ బ్యాచా నీలి బ్యాచా అని తేల్చేస్తారు. అక్కడితో చెప్పిన సంగతి పక్కకు పోతుంది. ఇది ఎదుటివాళ్లే చేస్తారనుకోకండి, మనమూ మనసులో చేస్తాం.

దీనికి మందు: ఆ మాటను నోట్‌బుక్కులో పేర్లు లేకుండా ఎత్తి రాయండి. తర్వాత మీకు నచ్చిన నాయకుడి పేరు ఖాళీలో పెట్టి ఒకసారి, నచ్చనివాడి పేరు పెట్టి ఒకసారి చదవండి. రెండుసార్లూ ఒకే కోపం వచ్చిందా? రాకపోతే మీ కోపం పని మీద కాదు, పేరు మీద.

జాగ్రత్త: ఇది చేసిన ప్రతిసారీ "రెండు పక్షాలూ ఒకటే" అన్న జవాబు రాకూడదు. వస్తుంటే మీరు విడదీసి చూడటం మానేశారు. ఒక్కోసారి ఒక పక్షానిదే తప్పు. అప్పుడు ఆ సంగతి అలాగే రాయండి, మీ పక్షానిదైనా సరే.

6. జవాబివ్వాలా, వద్దా?

మూడూ ఉంటేనే ఇవ్వండి: మీ దగ్గర ఆధారం ఉంది, ఎదుటివాడు గానీ చూస్తున్నవాళ్లు గానీ వినే స్థితిలో ఉన్నారు, ఒకే జవాబుతో చెప్పగలరు. రెండో జవాబు రాయబోతున్నారంటే ఫోన్ పక్కన పెట్టే వేళయింది.

బంధువులైతే గ్రూపులో సరిదిద్దొద్దు, విడిగా చెప్పండి. నలుగురిలో తప్పన్నారంటే బాబాయ్ ఆ ఫొటోను ఇంకా గట్టిగా పట్టుకుంటారు. ఇలా రాయొచ్చు: "బాబాయ్, ఇందాక మీరు పెట్టిన ఫొటో ఇప్పటిది కాదండీ, మూడేళ్ల కిందటే నెట్‌లో ఉంది. లింకు పెడుతున్నాను, ఒకసారి చూడండి." ఇంతే. కింద నీతులు చేర్చొద్దు. చాలామంది పెద్దవాళ్లు వాళ్లంతట వాళ్లే గ్రూపులో "పాతదట" అని పెడతారు. పెట్టకపోయినా రెట్టించొద్దు.

స్నేహితులైతే కాదనే బదులు అడగండి: "అన్నా, ఆ రేటు ఏ తేదీది? తేజదా, 334 రకందా?" పంపినవాడు సరిచూసుకోవాల్సిన పరిస్థితి వస్తుంది.

తిడితే జవాబివ్వొద్దు. బెదిరింపు, అసభ్యం, ఫొటోలు మార్చి పెట్టడం దాకా వస్తే బ్లాక్ చేయడానికి ముందే తేదీ, సమయం, ప్రొఫైల్ లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ముందు బ్లాక్ చేసో, చాట్ చెరిపేసో స్టేషన్‌కి వెళ్తే చూపించడానికి ఏమీ మిగలకపోవచ్చు. ఫిర్యాదు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇవ్వొచ్చు. మహిళలు, పిల్లలపై అసభ్య చిత్రాల విషయంలో అక్కడ పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. "66ఏ కింద కేసు పెడతా" అని ఎవరైనా భయపెడితే బెదరకండి, ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. కానీ వర్గాల మధ్య ద్వేషం పెంచే వదంతులు పంచితే భారతీయ న్యాయ సంహిత 353 కింద నేరం కావచ్చు. ఫార్వర్డ్ చేశానంతే అన్నది ఒడ్డున పడేసే జవాబు కాదు.

7. "ఏదీ మారదు" అన్న మాటను నెలకొకసారి పరీక్షించండి

"అందరూ", "ఎప్పుడూ", "ఏదీ" అన్న మాటలు మీ నోట్‌బుక్కులో ఎక్కడున్నా గీత గీసి, వాటి చోట పేరో అంకో పెట్టండి. "మునిసిపాలిటీ వాళ్లు ఏదీ పట్టించుకోరు" అన్నది "మా వీధి కాలవ గురించి రెండుసార్లు చెప్పాం, ఒకసారి వచ్చారు" అవుతుంది. రెండో వాక్యం మీద ఏదైనా చేయగలరు.

నెలకు ఒక చిన్న పని తీసుకోండి: వెలగని వీధి దీపం, పూడిన కాలవ. కార్పొరేషన్‌కో, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకో అర్జీ ఇచ్చి, నంబరు రాసుకుని, 30 రోజులు వెంటపడండి. అయిందో కాలేదో రాయండి. కాకపోయినా మీకిప్పుడు ఎక్కడ ఆగిందో తెలుసు. వీధి మీద విసుక్కోవడం కన్నా అది నూరు రెట్లు నయం.

ఫలితం ఎలా చూసుకోవాలి?

ఆరు వారాలయ్యాక నోట్‌బుక్కు ముందు పెట్టుకుని లెక్కపెట్టండి. మార్కులు మారిన పేజీలెన్ని? ఒక్కటీ లేకపోతే మీరు రాస్తున్నారే గానీ సరిచూడటం లేదు. దాదాపు అన్నీ మారితే చివర చదివిందే మీ అభిప్రాయమవుతోంది, మొదటి వరుస రాసేటప్పుడు ఇంకొంచెం సేపు ఆగండి. "తేలలేదు" అన్నవి చాలానే ఉంటే కంగారు పడకండి.

రెండో పరీక్షకు ఆ ఇద్దరు మనుషులు కావాలి. మీరు ఒప్పుకోని వాదనను మీ నోటితో వాళ్లకు చెప్పండి. "అవును, నేననేది అదే" అని వాళ్లంటే నెగ్గినట్టు. "కాదు, అలా ఎక్కడన్నాను" అంటే మీరు తిరస్కరించింది వాళ్ల వాదనను కాదు, మీ గ్రూపులో దానికి గీసిన బొమ్మను. మళ్లీ అడిగి తెలుసుకోండి.

మీరే తప్పు మెసేజి పంపినట్టు తేలితే

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇది జరుగుతుంది. వాట్సాప్‌లో అందరికీ కనిపించకుండా చెరపడానికి సుమారు రెండున్నర రోజుల గడువుంటుంది, కానీ ఈలోపు వేరేవాళ్లు ముందుకు పంపిన ప్రతులు పోవు. అందుకని చెరిపేసి ఊరుకోవద్దు. ఏ గ్రూపుల్లో పెట్టారో ఆ గ్రూపులన్నిట్లో, అదే మెసేజికి రిప్లైగా రాయండి: "నిన్న నేను పెట్టిన ఈ ఫొటో బుడమేరుది కాదు, పాతది, వేరే ఊరిది. సరిచూసుకోకుండా పంపాను. ఎవరికైనా పంపి ఉంటే ఈ సంగతి కూడా వాళ్లకు చెప్పండి." ఎవరు పంపితే మీరు పంపారో ఆ పేరు రాయొద్దు. తర్వాత నోట్‌బుక్కులో ఆ రోజు పేజీ తీసి, ఏ మెట్టు దాటేశారో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి.